పిండి మిషన్ కడగమన్నది నేనే

అమెరికాలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఐసెలిన్‌లో ఒక టిఫిన్ హోటల్‌కి నాలుగేళ్లు మేనేజర్‌గా ఉన్నాను. మనుషుల్ని పనిలో పెట్టుకోవడం, వాళ్ల కాగితాలు చూడడం నా బాధ్యతే. ఒక ఏడాది బడి సెలవులకు ముందు ఒక అమ్మాయి పని అడుగుతూ వచ్చింది. పదిహేనేళ్లు, ఇక్కడే పుట్టిన పిల్ల. వాళ్లమ్మ నాకు గుడిలో పరిచయం.

ఆ వయసు పిల్లల్ని పెట్టుకోవాలంటే ముందు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. తల్లో తండ్రో ఒప్పుకోవాలి. బడి ఉన్న రోజున మూడు గంటలకు మించి పని చెప్పకూడదు. పిండి కలిపే పెద్ద మిషన్‌ని నడపడమే కాదు, కడగడానికి కూడా వాళ్లని పంపకూడదు. ఈ రూల్స్ ఉన్న కాగితాన్ని వంటగది గోడకి అంటించింది కూడా నేనే.

అమ్మాయి కౌంటర్ దగ్గర చట్నీలు సర్దేది, పార్సిళ్లు కట్టేది. చెప్పిన పని చెప్పినట్టు చేసేది.

సెలవులు మొదలయ్యాక ఒక శనివారం, గిన్నెలు కడిగే మనిషి రాలేదు. పొద్దున ఐదింటి నుంచి నేను కూర్చోలేదు. బయట జనం నిలబడి ఉన్నారు. పరోటాలకి రెండో వాయి పిండి కలపాలి, మిషన్ చూస్తే అంతా పిండి అంటుకుని ఉంది.

"కాస్త అది కడిగెయ్యమ్మా" అన్నాను.

"ఆంటీ, నాకు అలౌడ్ కాదు కదా?"

"ఆఫ్‌లోనే ఉందిలే. ఈ ఒక్కసారికి."

ఆమె నా ముఖంలోకి చూసింది. గ్లవ్స్ వేసుకుని వెళ్లింది. ప్లగ్ తీయాలని నాకు తట్టలేదు. అవతలి వైపు నుంచి వచ్చిన వంటమనిషి, వంగి ఉన్న పిల్లని చూడకుండా స్విచ్ నొక్కాడు. కేక వినబడి పరిగెత్తి ఆపాను. చిటికెనవేలు అప్పటికే వాచిపోయింది.

"జారి పడిందని చెప్పండి మేడమ్" అన్నాడు ఓనర్, కారు తాళాలు నా చేతిలో పెడుతూ.

ఆస్పత్రికి వాళ్లమ్మ కూడా వచ్చింది. ఎలా తగిలిందని నర్స్ అడిగితే ఆ పిల్ల నా వైపు చూసింది. అబద్ధం ఆడడానికి కూడా ఓపిక కావాలి. నాకు అది లేదు.

"మిషన్ కడగమని నేనే చెప్పాను" అన్నాను.

 వాళ్లమ్మ మెల్లగా, "మీరున్నారనే కదండీ పంపించాను" అంది.

వేలు ఎముక చిట్లింది. కొన్ని వారాల్లో అతుక్కుంది. తనిఖీకి వచ్చిన అధికారికి కూడా జరిగింది జరిగినట్టే చెప్పాను. హోటల్‌కి జరిమానా పడింది. ఓనర్ నాతో మాట్లాడడం మానేశాడు. ఆ నెలాఖరుకి నేనే పని మానేశాను.

రెండేళ్ల తర్వాత కూరగాయల షాపులో ఆ అమ్మాయి కనిపించింది. పొడుగైంది, కార్ డ్రైవ్ చేసుకుంటూ వచ్చిందట. కాసేపు కాలేజీ అప్లికేషన్ల సంగతులు చెప్పి, ఉన్నట్టుండి అడిగింది.

"రూల్ మీకు తెలుసు కదా ఆంటీ. మరి ఎందుకు?"

"తెలుసమ్మా. ఆ రోజు బాగా అలిసిపోయాను."

"నేను కూడా టైర్డ్‌గానే ఉన్నాను ఆంటీ" అంది. గొంతులో కోపం లేదు.

 ఆమె కార్ట్ తోసుకుంటూ బిల్లింగ్ వైపు వెళ్లింది.