ఎదురుగాలిలో పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో అంకెల్లోకి వచ్చినదల్లా నా చేతిలోకి వచ్చినట్టేనని నమ్మేవాణ్ణి. మదురైలో ఒక నూలుమిల్లులో పని. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు మీసం కంటే ముందే మొలిచింది. మా మేనమామ కోయంబత్తూరు ముదలాళి (షావుకారు) ఒకాయన చిన్న విమానానికి పైలట్. ముదలాళిని మదురైలో దింపి విమానం ఖాళీగా తిరిగి పోతుందని తెలియగానే, మా అమ్మకు కోయంబత్తూరు విమానాశ్రయం పక్కనే ఉన్న పీలమేడులో నాకు చూసిన సంబంధం గుర్తొచ్చింది. ముదలాళి సరేనన్నారు; అమ్మా నేనూ ఎక్కాం. ఆదివారం, నాలుగున్నరకు రాహుకాలం. ఆలోపే చేరి పిల్లను చూడాలి.

పైకి లేచాక మామ, "ఏమల్లుడా, లెక్కలోడివి కదా, ఇంజను ఎంత తిప్పేది, నువ్వే చెప్పు" అన్నాడు. మామ పుస్తకంలోని ఇంజను పట్టిక నాకు కంఠస్థం. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే చోటు చూసి, సగానికి కాస్త పైన పవరు చాలన్నాను. "ఎదురుగాలి ఉండాదిరా. కొంచం గట్టిగా తిప్పితేనే మేలు." "పట్టికలో ఇదే మేలు మామా!" (ఆ పట్టిక గాలి లేని ఆకాశానికి రాసింది. పాలక్కాడు కనుమ గాలి దాన్ని చదవలేదు.) "సరి, నీ పెళ్ళి, నీ లెక్క" అని మామ అంతే పెట్టాడు. పళని దగ్గర కింద రైలొకటి చాలాసేపు మాకు తోడొచ్చింది.

పీలమేడులో దిగేసరికి నాలుగున్నర దాటిపోయింది. పిల్ల తరపువాళ్ళు విమానం దగ్గరికే ఎదురొచ్చారు. అమ్మ నా చొక్కా పట్టుకుంది. "కాలు కింద పెట్టొద్దురా! రాహుకాలం పోయే ఆరు దాకా ఇక్కడే."

"అక్కా, లోపల ఇడ్లీ మాదిరి ఉడికిపోతాము" అన్నాడు మామ.

"ఉడుకు. రేయ్, నువ్వు పిల్లను చూడకు, అటు తిరుగు."

నేను బుద్ధిగా ముందున్న మీటర్ల వైపు తిరిగాను. పిల్ల తండ్రి రెక్క నీడలో నిలబడి, "పరవాలేదు వదినమ్మా, మెల్లగా దిగండి" అని కాఫీ అక్కడికే తెప్పించాడు. కిటికీలోంచి ఒక చెయ్యి గ్లాసు అందించింది. వెనకే ఒక అమ్మాయి గొంతు: "మా ఊరి గాలికి ఎదురుగా ఇంత మెల్లగానా వచ్చేది? సైకిలైనా లేచి నిలబడి తొక్కుతామే!"

మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. నా చెవులు ఎర్రబడ్డాయి. ఇంజను చుట్లు చూపే ముల్లు సున్నా మీద ఉంది. దాని అద్దంలో, నవ్వు ఆపుకుంటున్న ఒక ముఖం! (మీటరు అద్దంలో చూస్తే చూసినట్టా కాదా అన్నది ఏ పంచాంగమూ చెప్పదు.)

ఆరు దాటాక దిగి వాళ్ళింటికి వెళ్ళాం. పిల్లను పద్ధతిగా తెచ్చి కూర్చోబెట్టారు. "ఇప్పుడు తలెత్తి చూడరా, మంచి గడియే" అంది అమ్మ. "నచ్చిందమ్మా" అన్నాను తలెత్తకుండానే. గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె ఒక్కతే నవ్వింది.

ఆ నవ్వుతోనే ఇన్నేళ్ళు కాపురం చేస్తున్నాను. ఆ రోజు పవరు సరిగ్గా ఎంచి ఉంటే వేళకు దిగి, వంచిన తల ఒకదాన్ని చూసి వచ్చేవాణ్ణేమో. ఆ కుర్రాడి లెక్కను ఇప్పుడు నేను దిద్దగలను. దిద్దబుద్ధి కాదు.