పదకొండు నిమిషాల గడ్డం

సినిమా హాల్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి ఒక్క సినిమా కూడా చూడని మనిషి ఉంటాడా అంటే, ఉన్నాడు. ఆయనే కిర్రు మేస్త్రి. ఆ హాల్లోని ఆరువందల నలభై కుర్చీల బాగోగులన్నీ ఆయనవే. ఊడిన బోల్టు బిగించాలన్నా, చిరిగిన రెగ్జిను మార్చాలన్నా, కుంగిన స్ప్రింగును లేపాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆట మొదలైతే మాత్రం పానా జేబులో పెట్టుకుని, పక్క గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని నిలబడేవాడు. సినిమా అంటే చెవి కోసుకునేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. చెవి అప్పగించి కూడా సినిమా చూడనివాడు ఈయనొక్కడే.

ఆయన వినేది మాటలు కాదు, పాటలు అంతకన్నా కాదు. కుర్చీల కిర్రు. నడుము సర్దుకునే కిర్రు పొట్టిగా ఉంటుంది. ముందుకు వంగి చూసేవాడి కిర్రు ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది. “ఇంకెంతసేపురా నాయనా” అనే కిర్రు మాత్రం ఒక కుర్చీలో పుట్టి, ఆవలింతలాగా పక్క కుర్చీకి అంటుకుంటుంది. అది వినపడిందంటే మేస్త్రి నేరుగా యజమాని గదికి వెళ్లేవాడు.

“బాబుగారూ, రెండో పాటలో పదో వరుస దాకా కదిలిపోయారండీ.”

వారం తిరక్కుండా ఆ పాట మాయమయ్యేది. అందుకే కుర్చీ కీళ్లకు ఎవరైనా నూనె పోస్తానంటే మేస్త్రి ఆరునూరైనా ఒప్పుకునేవాడు కాదు. “నూనె పోస్తే కుర్చీ నోరు మూసుకుంటుందండీ. ఇక మనకి నిజం చెప్పేదెవరు?” అనేవాడు.

ఇంట్లో భార్యకు ఇదొక తీరని వెలితి. హాలు కుర్చీల తొడుగులన్నీ కుట్టింది ఆవిడే. మోకాళ్లు పట్టేసిన దగ్గర్నుంచి హాలు మెట్లెక్కలేక, మొగుడు చెప్పే కథకోసం ఎదురుచూసేది.

“ఏం కథండీ ఇవాళ?”

“ఏడో వరుస కుదురుగా లేదే.”

“నేనడిగింది కథ!”

“కథ సంగతి నాకేం తెలుసు? ఇంటర్వెల్ తర్వాత బాగా కదిలారు.”

ఆవిడ నెత్తి కొట్టుకుని టీవీ పెట్టుకునేది. ఆవిడ చూసే సీరియల్లో తొమ్మిదేళ్లుగా ఒకే పెళ్లి ఆగిపోతూ వస్తోంది. ఒక్కరోజైనా విసుక్కున్న పాపాన పోలేదు. ఈ కాలం జనానికి ఓపికెక్కడిదని ఎవరైనా అంటే, మా ఇంటికొచ్చి చూడండి అనేవాడు మేస్త్రి.

ఆ హాలుకు ఒక దర్శకురాలు తన మొదటి సినిమా పట్టుకుని వచ్చింది. నిడివి మూడు గంటల ఇరవై నిమిషాలు. యజమాని ఊఁ అంటే చుట్టుపక్కల మరో పది హాళ్లవాళ్లు ఊఁ అంటారు, ఆయన ఊహూఁ అంటే ఆ సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది. ఆయన ఒక్కడే కూర్చుని మొత్తం చూశాడు. కార్లు ఒకదాన్నొకటి తరుముకునే చోట చప్పట్లు కూడా కొట్టాడు. రెండో సగంలో ఒక సన్నివేశం దగ్గరకొచ్చేసరికి ఆయన ముఖం ముడుచుకుంది. ఎనిమిదేళ్లుగా మాటల్లేని తండ్రి మంచాన పడితే, కూతురు వచ్చి ఆయన గడ్డం గీస్తుంది. పదకొండు నిమిషాలు. ఒక్క మాట లేదు.

“పదకొండు నిమిషాలు గడ్డం గీస్తుంటే ఎవరు చూస్తారమ్మా? ఆ టైములో జనం బయటికెళ్లి వాళ్ల గడ్డాలు గీయించుకుని వస్తారు. తీసెయ్.”

“అది తీస్తే సినిమా తీసినట్టే కాదండీ,” అంది ఆ అమ్మాయి. గొంతు వణికినా మాట వణకలేదు. “జనంతో నింపి వేసి చూడండి. ఆ సీన్లో వాళ్లు కదిలితే నా చేత్తో నేనే కోసేస్తాను.”

“కదిలారో లేదో మా మేస్త్రి చెప్తాడు,” అన్నాడు యజమాని. ఆ మాటతో బేరం కుదిరింది.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఉచిత ఆట అని బోర్డు పెట్టారు. వీధి వీధంతా కదిలొచ్చింది. కాలేజీ పిల్లలు, కొట్లవాళ్లు, ఆఫీసుకు సెలవు పెట్టినవాళ్లు, చంకలో బిడ్డతో తల్లులు. మేస్త్రికి హుషారు పట్టలేకుండా ఉంది. ఒకరి సినిమా మొత్తం తన చెవిమీద ఆధారపడటం ఇదే మొదటిసారి. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, అలవాటుగా మొదటి కుర్చీ పీట కిందికి లాగాడు.

చప్పుడు లేదు.

రెండోది లాగాడు, మూడోది లాగాడు. వేలికి జిడ్డు తగిలింది.

“బాగుందా మేస్త్రీ?” అన్నాడు యజమాని వెనకనుంచి, మురిసిపోతూ. “ఆ అమ్మాయి మన అతిథి కదా, కిర్రు కిర్రుమంటే బాగుండదని నిన్న ఊడ్చేవాళ్లచేత అన్నిటికీ నూనె పోయించాను.”

నూనె వద్దన్న మేస్త్రి మాటను చాదస్తమనుకున్నాడే గానీ, జనం కదలిక ఆ కిర్రులోనే తెలుస్తుందని ఆయనకు ఏనాడూ తట్టలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. ఏడవాలో నవ్వాలో తెలియలేదు మేస్త్రికి. అవతల జనం నిండిపోయారు, లైట్లు ఆరిపోయాయి. దర్శకురాలు వెనక తలుపు దగ్గర గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. ఆ పిల్లను చూసి మేస్త్రికి రోషం వచ్చింది. చెవి పోతే ఏమైంది, చెయ్యి లేదా? వరుస వరుసంతా కింద ఒకే ఇనప గొట్టానికి బిగించి ఉంటుంది. బిగించింది తనే. ఈ చివర ఒకడు కాలు మార్చుకుంటే ఆ చివర దాకా గొట్టం అదురుతుంది.

అంతే, నడవ మెట్లమీద చతికిలబడి ఐదో వరుస గొట్టం పట్టుకున్నాడు. దొరికింది! సన్నగా, నాడిలాగా. అక్కణ్నుంచి ఎనిమిదో వరుసకు, పన్నెండుకు, మళ్లీ ఆరుకు. అరవై దాటిన మనిషి చీకట్లో వంగి పరుగులు పెడుతుంటే, ఏదో పారేసుకున్నాడని ఒకావిడ ఫోన్ లైటు వేసింది కూడా. కార్ల పరుగు వచ్చింది. గొట్టాలన్నీ తెగ అదిరాయి. యజమాని చప్పట్లు కొట్టిన చోటే జనం కాళ్లు మార్చుకుంటున్నారు! మేస్త్రికి నవ్వాగలేదు.

గడ్డం సన్నివేశం మొదలైంది. ఎటూ పోకుండా హాలు మధ్యలో, తొమ్మిదో వరుస దగ్గర కూర్చుని గొట్టాన్ని గట్టిగా పట్టుకున్నాడు. గిన్నెలో నీళ్ల చప్పుడు. సబ్బు నురగ. తర్వాత చర్మంమీద కత్తి గీసుకుంటున్న చప్పుడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఇలాంటి చప్పుడు ఆ హాల్లో వినలేదాయన. ఏమిటా అని తలెత్తాడు.

తెరమీద కత్తి తండ్రి గొంతు దగ్గరుంది. కూతురి చెయ్యి ఆగింది. ముసలాయన కళ్లు మూసుకుని, గడ్డం ఇంకాస్త పైకెత్తాడు.

సన్నివేశం అయిపోయాక మేస్త్రి చూసుకుంటే, గొట్టంమీద ఉండాల్సిన చెయ్యి తన చెంపమీద ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు. చెంప తడిగా ఉంది. ఇక ఆ తర్వాత ఆయన ఏ గొట్టమూ పట్టుకోలేదు.

ఆట అయ్యాక యజమాని పరుగున వచ్చాడు. ఆయన వెనకే దర్శకురాలు.

“కదిలారా లేదా మేస్త్రీ? గడ్డం దగ్గర?”

మేస్త్రి జేబులో పానా తడుముకున్నాడు. “కార్ల దగ్గర మాత్రం బాగా కదిలారండీ.”

“నేనడిగింది గడ్డం సంగతయ్యా!”

“తెలీదండీ.”

“తెలీకపోవడమేంటి?”

“చెయ్యి తీసేశానండీ. నేను... నేను సినిమా చూశాను బాబుగారూ.”

యజమాని ముప్పై ఒక్క ఏళ్లుగా ఎరిగిన ముఖాన్ని కొత్తగా చూసినట్టు చూశాడు. తర్వాత దర్శకురాలి వైపు తిరిగాడు. “గడ్డం ఉంచమ్మా. కార్ల గోల మాత్రం నాలుగు నిమిషాలు తగ్గించు.” ఆ అమ్మాయి మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని, నూనె జిడ్డు అంటుతున్నా వదల్లేదు.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంటికి నడిచి వెళ్లాడనడం కన్నా ఎగిరి వెళ్లాడనడం నిజం. ఇంట్లో హాలునుంచి తెచ్చుకున్న పాత కుర్చీలు రెండున్నాయి. నూనె చుక్క ఎరగనివి. భార్య ఒకదాంట్లో కూర్చుని సీరియల్ పెట్టబోతూ, అలవాటు కొద్దీ అడిగింది.

“ఏం కథండీ ఇవాళ?”

“ఆ టీవీ కట్టెయ్. చెప్తాను.”

ఆవిడ చేతిలోని రిమోట్ చేతిలోనే ఉండిపోయింది. చీకట్లో పరుగులు పెడుతూ చెవిన పడ్డ మాటలన్నీ అతికించుకుంటూ మేస్త్రి మొదటినుంచి అందుకున్నాడు. తెలిసినదాంట్లో ఒక్క ముక్క వదల్లేదు. సీరియల్ వేళ వచ్చింది, పోయింది. తొమ్మిదేళ్లుగా ఆగుతున్న పెళ్లి ఆ రోజే జరిగిపోయిందని మర్నాడు పక్కింటావిడ చెబితే గానీ ఆవిడకు తెలియలేదు.

గడ్డం దగ్గరకొచ్చేసరికి ఆయనకు మాటలు చాలక, గాల్లో చేత్తో గీసి చూపించాడు. మెల్లగా, సినిమాలో ఎంతసేపు పట్టిందో అంతసేపూ. ఆవిడ కూర్చున్న పాత కుర్చీ ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

“ఆపారేం?” అందావిడ. “తర్వాత?”