నాయనను చంపిన కథ

నా మొదటి కథ ఇప్పుడు చదివితే పాచిపోయిన సంగటి నోట్లో పెట్టుకున్నట్టు ఉంటుంది.

అనంతపురం కథ అనగానే రైతు ఉరేసుకోవాలని నాకెవరూ చెప్పలేదు. నాకు నేనే అనుకున్నాను. వాన లేక వేరుశనగ ఎండింది, రైతు వేపచెట్టుకు వేలాడాడు, పైన ఒక కాకి. ఆ కాకి ఎందుకో నాకే తెలియదు. ఫోనులోని కథల గ్రూపులో అందరూ ఏడుపు బొమ్మలు, దండాల బొమ్మలు పెట్టారు. ఒక వెబ్ పత్రిక సంపాదకుడు వేసుకుంటానన్నాడు.

ఆ వారమే మనవరాలిని చూడడానికి నాయన కళ్యాణదుర్గంలోని మా ఇంటికి వచ్చాడు. బిడ్డను ఒళ్లో వేసుకుని, పొంగిపోతూ ఆయనకు కథ చదివి వినిపించాను. రైతుకు నాయన దగ్గే పెట్టాను, ఆయన ఎడమచేతి మొండివేలే పెట్టాను. పరిశీలన అంటే అదేనని నా గర్వం.

నాయన ఆఖరిదాకా విని, చెయ్యి తిప్పి తన వేలు చూసుకున్నాడు.

"నన్ను బాగానే సంపినావు తల్లీ. మల్ల నిన్ను కాలేజీకి ఎవురు పంపినారు?"

కథ కదా నాయనా అని ఏదో నసిగాను.

"కతేలేమ్మా. ఆయప్పకు కూతురుండాదని రాసినావే, ఆ పాప ఏమైపాయ?"

ఆ పిల్ల గురించి నేను ఆలోచించనే లేదు. శవం మీద పడి ఏడవడానికి పెట్టుకున్నానంతే. నా బిడ్డకు కాస్త ఒళ్లు వెచ్చబడితే నిద్రపోని దాన్ని, కథలో పిల్లను అలా వాడి పారేశాను. ఆ రోత ఇంకా పోలేదు.

ముగింపు మారుస్తానని సంపాదకుడికి ఫోన్ చేశాను. ఆ చావే కథకు ప్రాణమనీ, అది తీసేస్తే మీ కరువు గురించి ఎవరు చదువుతారనీ అన్నాడు. నిన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి మరింత అసహ్యమేసింది. కథ వెనక్కి తీసుకున్నాను.

అప్పటినుంచి బిడ్డ పడుకున్నాక దాన్నే తిరగరాస్తున్నాను. పంట ఎండిన ఏడు నాయన నిజంగా ఏం చేశాడు? ఎవరివో గొర్రెలను ఎండిన చేలోకి మేతకు తోలించి, ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా పడుకున్నాడు. ఇందులో కథేముందని మొదట వదిలేశాను. ఇప్పుడు కాకిని కొట్టేశాను, వేపచెట్టునూ కొట్టేశాను. అయినా 'గుండె బరువెక్కింది' లాంటి మాటలు చేతికి జిగురులా అంటుకుంటూనే ఉన్నాయి. ఇన్నాళ్లకు ఒక్క వాక్యం కొట్టేయకుండా ఉంచుకున్నాను: పాప గడపలో నిలబడి, నాయన కడుపు లేచి పడుతోందా అని పొద్దుగూకేదాకా చూసింది, బడిసంచి కూడా దించలేదు.