హనుమక్క విప్పిన అంబాసిడర్

ధర్మవరానికి కూతవేటు దూరంలోని ఆ మగ్గాల పల్లెలో కారు అంటే ముప్పై ఏళ్లపాటు ఒకటే అర్థం: అంజినప్ప అంబాసిడర్. పెళ్లికూతుళ్లు, నొప్పులొచ్చిన ఆడవాళ్లు, పట్టుచీరల మూటలు, సకల పార్టీల నాయకులు దాని స్ప్రింగుల మీద సమానంగా తమ బరువు మోపారు. అంజినప్ప పోయి తొమ్మిదేళ్లు. కారు మాత్రం పెరట్లో నాలుగు బండరాళ్ల మీద నిలబడి, కోళ్లకు కాన్పుల ఆసుపత్రిగా, ఇంటికి నీళ్ల ఖజానాగా ప్రజాసేవ కొనసాగిస్తోంది.

అంజినప్ప భార్య హనుమక్క ఆ కారెక్కింది మొత్తం నాలుగుసార్లు. నాలుగుసార్లూ వెనక సీట్లో, మూటల మధ్య. ముందు సీటు నాయకులది. నాయకులు లేని రోజున, వాళ్లు రావచ్చునన్న మర్యాద అందులో కూర్చునేది.

ఇప్పుడు కొడుకు ఉదయ్ కుమార్‌కు ఆ జాగా కావలసివచ్చింది, మరమగ్గం షెడ్డుకు.

"ఆదివారం పాత ఇనుం బండి వస్తాదమ్మా. మాట్లాడినా" అన్నాడు బుధవారం పొద్దున.

"విప్పి చూడకుండా ఎట్ల ఇస్తావప్పా?"

"విప్పేదానికి ఏముండాది దాంట్లో?"

"ఏముండాదో తెలీకనే కదా విప్పేది."

మధ్యవర్తిగా మెకానిక్ దివాకర్ వచ్చాడు. కారు చుట్టూ ప్రదక్షిణ చేసి, ఒక కోడిపెట్ట చేత చీవాట్లు తిని, తీర్పు చెప్పాడు.

"ఇంజను యాడైనా దొరుకుతాది హనుమక్కా. అడుగున చట్రం గట్టిగా ఉంటే ఈ బండి లేస్తాది. అది తుప్పు తినుంటే ఎవురూ ఏమీ చేయలేరు. అది చూడాలంటే అంతా ఊడదీయాల. నాకు ఆదివారం దాకా తీరదు."

"నిన్నెవురు తీయమన్నారు? నీ పానాలూ సుత్తీ ఇచ్చి పో."

ఒప్పందం కుదిరింది. చట్రం గట్టిదైతే కారు ఉంటుంది, షెడ్డు వీధి వైపు జరుగుతుంది. పుచ్చిందైతే ఇనుప బండికి.

అరవై నాలుగేళ్ల హనుమక్క కుచ్చెళ్లు దోపుకుని పని మొదలుపెట్టింది. తొమ్మిదేళ్లుగా కదలని బోల్టులకు కిరసనాయిలు పట్టించి, రాత్రంతా నానబెట్టి, తెల్లారి అడిగింది. కదలనివాటిని సుత్తితో అడిగింది. ఊడిన ప్రతి బోల్టుకూ ఒక పట్టుపోగు కట్టింది: తలుపులవాటికి ఎరుపు, ఇంజనువాటికి పసుపు, సీట్లవాటికి నెమలిపచ్చ.

"ఇది కారా, చీరనా అమ్మా?" అన్నాడు కొడుకు.

"మగ్గం మీద పాత పోగుకు కొత్త పోగు కలిపి, వేల పోగులు అచ్చు అతికిన చెయ్యిరా ఇది. ఒక్క పోగు తప్పిందని మీ నాయన ఎప్పుడన్నా అన్న్యాడా? ఇవి ముష్టి బోల్టులు."

తలుపు మీద రంగు పెచ్చులూడిన చోట ఐదు పొరలు బయటపడ్డాయి. ఐదు ఎన్నికలు. అంజినప్ప ఏ పార్టీనీ నొప్పించి ఎరగడు; ఓడినవాళ్ల రంగు మీద గెలవబోయేవాళ్ల రంగు వేయించేవాడు. ముందు సీటు కింద వేరుశనగ కాయలు, ఒక కాగితపు దండ, ఎవరో నాయకుడి ఎడమ చెప్పు దొరికాయి. చెప్పుకు కూడా హనుమక్క ఒక నెమలిపచ్చ పోగు కట్టింది. సీటు తాలూకు సామాను మరి.

శుక్రవారానికి కారు ముందు భాగం అడుగు కనిపించింది. తుప్పు మచ్చ లేదు. వానలు మొహం చాటేసి చేలకు చేసిన అన్యాయం ఇనుముకు ఉపకారమైంది. హనుమక్క ఆ పూట రెండు సంగటి ముద్దలు తిన్నది.

శనివారం డిక్కీ వంతు. నాలుగు రోజులకోసారి కొళాయి వచ్చే వీధిలో నీళ్లకూ తాళం వేయాలి; ఇంట్లో తాళం పడే చోటు అదొక్కటే కాబట్టి, తొమ్మిదేళ్లుగా రెండు ఇనుప డ్రమ్ముల నీళ్లు అందులోనే ఉండేవి. తాళంచెవి ఆమె మొలలో ఉండేది. డ్రమ్ములు దించి, గోనెపట్టా ఎత్తి, రేకును బొటనవేలితో నొక్కింది. వేలు రేకులోంచి దిగి అవతల తేలింది. కరువుసీమలో ఆ కారుకు నీళ్లు తగిలిన చోటు అదొక్కటే. తగిలించింది తనే. రేకే ఇట్లయితే దాని కింది చట్రం ఏమై ఉంటుందో.

గోనెపట్టా చేతిలోనే ఉంది. మళ్లీ పరిచి, పైన డ్రమ్ములు పెడితే ఆదివారం ఎవరూ ఎత్తి చూడరు. మగ్గానికి ఒక కండె దారం చుట్టేంతసేపు హనుమక్క ఆ పట్టా వైపు చూసింది. తర్వాత దాన్ని మడిచి గోడమీద వేసి, కొడుకును తనే కేకేసింది.

"నీళ్లు నువ్వే పెట్టినావు కదమ్మా" అన్నాడు అతను.

"నేనే పెట్టినా. దివాకర్‌కు కూడా నేనే చెప్తా. నువ్వు ఆ ఉలి అందియ్."

సాయంత్రం దాకా పుచ్చిన రేకంతా ఉలితో చెక్కి పారేసింది.

ఆదివారం ఇనుప బండి వాకిట్లో నిలబడి ఉండగానే దివాకర్ కారు కిందికి దూరాడు. సుత్తి దెబ్బలు ఒక్కొక్కటే వినపడ్డాయి. డిక్కీ కిందికి వచ్చేసరికి హనుమక్క వంగి చెవి పెట్టింది. అక్కడ సుత్తి మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ ఖంగుమంది.

"రేకు జల్లెడైపోయింది. చట్రం మాత్రం ఉక్కు మాదిరి ఉండాది" అన్నాడు దివాకర్, కాళ్లు మాత్రమే కనిపిస్తూ.

"జల్లెడంటే పోయినట్లే కదన్నా?" అన్నాడు కొడుకు.

"పందెం చట్రం మీద కదప్పా. జల్లెడకు రేకేస్తే సరి."

ఉదయ్ కుమార్ వీధి వైపు జాగాను అడుగులేసి కొలిచాడు. "ఈడ పడమటెండ కొడతాదమ్మా."

"షెడ్డుకు రేకులు తెప్పిస్తావు కదా. డిక్కీక్కూడా ఒకటి చెప్పు."

ఇనుప బండి ఖాళీగా పోలేదు. తుప్పుపట్టిన రెండు డ్రమ్ములూ హనుమక్క తన చేత్తోనే ఎక్కించింది.

మధ్యాహ్నం వసారాలో, ఊడదీసిన ముందు సీటు మీద బాసిపట్టు వేసుకుని, రంగుపోగుల వారీగా బోల్టులు డబ్బాల్లోకి సర్దుతోంది. కొడుకు టీ తెచ్చి పక్కన కూర్చోబోయాడు. హనుమక్క తలెత్తకుండానే గోడవారగా వేసి చీరల మూటలు పెట్టిన వెనక సీటును చూపించింది.

"ఆడ కూచో నాయనా. మూటలు కొంచెం జరుపుకో."