పట్టుబడి రోజు నేను చెప్పని మాట

కొన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేనూ మా తమ్ముడు సూరిబాబూ ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువు చేసేవాళ్ళం. ఒకరోజు మేత బస్తా ఎత్తబోయి వాడు గట్టు మీదే కూలబడ్డాడు. నడుములో మొదలైన నొప్పి కాలిలోకి పాకింది. స్కానింగ్‌లో డిస్కు జారిందని తేలింది. వాడు మంచం దిగలేకపోవడంతో, ఆ ఫిల్ము పట్టుకుని కాకినాడలో పెద్ద డాక్టరు దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్ళాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు. డిస్కు చిట్లి లోపలి గుజ్జు బయటికి వచ్చిందట. అలా వచ్చిన ముక్కని ఒళ్ళు పరాయిదిగా చూస్తుందట. రోగాలతో పోరాడే కణాలే దాని మీదికి వచ్చి మెల్లమెల్లగా తినేస్తాయట. చాలామందికి కోత లేకుండానే తగ్గుతుందట. చివర్లో ఇంకో మాట అన్నారు. కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం రాకపోయినా ఒక్క పూట కూడా ఆగొద్దు, నరాలు నలిగిపోతున్నట్టే, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి అని.

ఇంటికి వచ్చి మొదటిది చెప్పాను. రెండోది దాచాను. వాడు భయస్తుడు, నిద్రపోడు అనుకున్నాను. అది ప్రేమే. ప్రేమేనా? ఇప్పుడు ఆ మాట కూడా గట్టిగా అనలేను.

కొన్ని వారాలకి చెరువులో తెల్లమచ్చ తెగులు కనిపించింది. ఆ పూటే పట్టుబడి చేసి, అంటే వలలు దింపి ఉన్న రొయ్యంతా పట్టేసి, అమ్మేయకపోతే మొత్తం చచ్చిపోతుంది. వలవాళ్ళు దిగారు. ఐసు లారీ వచ్చేసింది. నేను బయల్దేరుతుంటే సూరిబాబు పిలిచాడు.

"అన్నయ్యా, కాలు నొప్పి కాస్త తగ్గిందండి. కానీ కూర్చునే చోటంతా మొద్దుబారిపోయింది. పొద్దున్నించీ ఒంటేలు రావట్లేదు. డాక్టరు గారు దీని గురించేమైనా చెప్పేరా?"

డాక్టరు మొహం కళ్ళముందు కదిలింది. గుర్తు రాలేదని చెప్పుకోవడానికి లేదు.

"ఏం చెప్పలేదురా. నొప్పి తగ్గిందంటే ఆ కణాలు ముక్కని తినేస్తున్నాయన్నమాట. మంచిదే. పడుకో, వచ్చేస్తాను."

"ఆయ్. అయితే సరేనండి," అన్నాడు. నవ్వాడు కూడా.

వాడి భార్య పక్కనే ఉంది. ఆమెతో ఒక్క మాట అంటే కారు మాట్లాడుకుని కాకినాడ తీసుకెళ్ళేది. పట్టుబడి ఆగేది కాదు. మరి ఎందుకు అనలేదు? ఇన్నాళ్ళూ తెలిసి దాచావా అని అడుగుతారనా, లేక ఆ క్షణాన తమ్ముడి కన్నా చెరువే నాకు ఎక్కువైందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా రెండూ కనిపిస్తాయి.

మర్నాడు తీసుకెళ్ళాం. ఆపరేషన్ చేశారు. ఆలస్యమైందని నన్ను పక్కకి పిలిచి చెప్పారు.

సూరిబాబు ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మూత్రానికి గొట్టం వాడతాడు. పెళ్ళిళ్ళకి రాడు, వాసన వస్తుందేమోనని. చూడ్డానికి వచ్చినవాళ్ళతో, "అందరికీ తినేసే కణాలు నాకు తినలేదండి, నా ఒంట్లోనే సత్తువ లేదు," అంటాడు. ఒంట్లో శక్తి పెరుగుతుందని వాడి భార్య రోజూ ఉసిరి రసం తీసి ఇస్తుంది. ఆ ఉసిరికాయలు తెచ్చేది నేనే. వాడు తన ఒంటిని తిట్టుకుంటుంటే పక్కన కూర్చుని తల ఊపుతాను.

వాడి ఒంటి తప్పేమీ లేదు. తప్పు నాది. వాడికి చెప్పే ధైర్యం లేదు, ఎప్పటికైనా వస్తుందన్న ఆశా లేదు. ఈ రెండు ముక్కలూ రాశాక మాత్రం కాసేపు ఊపిరాడింది. అంతే.