ఆగిపోతది మేడమ్

మా తండాలో సొంతంగా కారు కొన్న మొదటి మనిషిని నేనే. బాన్సువాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. నాన్న పోయాక అమ్మను తండా నుంచి తెచ్చుకుని కిరాయి ఇంట్లో ఉంటున్నాను. కారు తెచ్చిన రోజు అమ్మ చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. కింద పెట్టుకోమన్నా వినలేదు.

నెల తిరక్కముందే అది ఆగిపోవడం మొదలుపెట్టింది. నడుస్తుండగానే డ్యాష్‌బోర్డు మీది లైట్లన్నీ వెలిగేవి, ఇంజన్ చప్పుడు ఆగిపోయేది, స్టీరింగ్ బిగుసుకుపోయేది. కాసేపాగి తాళం తిప్పితే మామూలుగానే స్టార్టయ్యేది. నిజామాబాద్‌లోని షోరూమ్ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే రెండు మూడు రోజులు ఉంచుకుని, కడిగి, బాగానే ఉందని ఇచ్చేవారు. వారం తర్వాత మళ్లీ ఆగేది. మళ్లీ తీసుకెళ్లేదాన్ని.

అక్కడి మేనేజర్ మర్యాదస్తుడు. ఎప్పుడూ కుర్చీ వేయించేవాడు. "బండిల ఏం లేదు మేడమ్. మీరు క్లచ్ మీదికెళ్లి కాలు తీస్తలేరు. కొత్తగ నేర్చుకున్న లేడీస్‌కు గిట్లనే ఐతది" అన్నాడు. నేను నమ్మాను. డ్రైవింగ్ స్కూల్‌లో మళ్లీ చేరి, నా కాలు వైపే చూసుకుంటూ నడపడం అలవాటు చేసుకున్నాను. అయినా కారు ఆగింది.

ఎండాకాలంలో ఒక పొద్దున, జుక్కల్ దగ్గర తండాలో ఉండే మా అమ్మమ్మ చనిపోయిందని ఫోన్ వచ్చింది. అమ్మకు పుట్టింట్లో మిగిలింది ఆమె ఒక్కతే. వెంటనే బయలుదేరాం. పిట్లం దాటాక, చుట్టూ కోసేసిన చేలు తప్ప ఏమీ లేని చోట కారు ఆగింది. ఈసారి ఎంతసేపటికీ స్టార్ట్ కాలేదు. కంపెనీ నంబర్‌కు ఫోన్ చేస్తే మనిషిని పంపిస్తున్నాం, బండి దగ్గరే ఉండమన్నారు. తండా నుంచి అమ్మకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎక్కడిదాకా వచ్చారని అడిగారు. తర్వాత, ఎండకు ఇంకా ఉంచలేమన్నారు. అమ్మ సరేనంది. నన్ను ఒక్క మాట అనలేదు. చివరికి ఒక ఆటో దొరికితే, కారును అక్కడే వదిలేసి వెళ్లాం.

మేం చేరేసరికి చితి సగానికి పైగా కాలిపోయింది. అందరూ ఏడుస్తూ అమ్మను పట్టుకున్నారు. అమ్మ నిలబడి మంటను చూసింది. నాకు ఏడుపు రాలేదు. కారు తాళం చేతిలోనే ఉంది. దాని మీది బటన్‌ను నొక్కుతూ ఉన్నాను. ఎవరో నా వేళ్లు విప్పి తాళం తీసి నా సంచిలో వేశారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆఫీసుకు వెళ్లడం, రావడం, వండుకోవడం అన్నీ జరిగాయి గానీ వాటిలో నేనున్నట్టు గుర్తులేదు. కంపెనీ వాళ్లు కారును లాక్కొచ్చి ఇంటి ముందు వదిలేసి పోయినా దాన్ని ముట్టలేదు. కోపం కూడా రాలేదు. నా పక్క సీటులో పనిచేసే కుర్రాడు రుద్రూర్ నుంచి రోజూ వచ్చిపోయేవాడు. అతను ఒకరోజు టీ తాగుతూ అన్నాడు. "వారంటీ అంటే ఉత్త రిపేరే కాదక్కా. ఎన్నిసార్లు చేసినా బాగ కాకుంటే బండి మార్చియ్యాలె, లేకుంటే పైసలు వాపస్ ఇయ్యాలె. వినియోగదారుల కమిషన్‌ల కేసెయ్యి. వకీల్ లేకున్నా నడుస్తది."

అతనే దగ్గర కూర్చుని నోటీసు రాయించాడు. షోరూమ్ నుంచి జవాబు రాలేదు. కంపెనీ నుంచి వచ్చింది: నడపడంలో లోపమని. అప్పుడు సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితాలన్నీ జతచేసి, షోరూమ్ మీదా కంపెనీ మీదా కేసు వేశాను.

వాయిదాలకు బస్సులో వెళ్లేదాన్ని. ఒకసారి అమ్మ కూడా వచ్చి బయట బల్ల మీద కూర్చుంది. ఆ రోజు కమిషన్‌లో ఉన్న మేడమ్ కాగితాల నుంచి తలెత్తి, "గీ కారుతోని నీకైన తక్లీఫ్ ఏందమ్మా? నీ మాటల్ల చెప్పు" అని అడిగింది.

చెప్పడానికి నోరు తెరిచాను. పిట్లం రోడ్డు, చేలు, అమ్మ ఫోన్ అన్నీ వరుసగా కళ్ల ముందుకొచ్చాయి.

"ఆగిపోతది మేడమ్" అన్నాను.

ఇంకా ఏమన్నా ఉందా అని ఆమె కాసేపు చూసింది. లేదన్నాను.

తిరిగి వస్తుంటే బస్సులో అమ్మ మా భాషలో అడిగింది, అమ్మమ్మ సంగతి చెప్పావా అని. చెప్పలేదన్నాను. అమ్మ తల ఊపి కిటికీ వైపు తిరిగింది.

లోపం బండిదో నడిపే మనిషిదో తేల్చడానికి కమిషన్ ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌ను పంపింది. ఆయన స్టీరింగ్ పట్టుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను, షోరూమ్ మేనేజర్ వెనక కూర్చున్నాడు. ఊరు దాటి కొంత దూరం పోయాక లైట్లన్నీ వెలిగాయి, చప్పుడు ఆగింది. లెక్చరర్ రెండు చేతులతో స్టీరింగ్ తిప్పి, అతి కష్టం మీద కారును రోడ్డు పక్కకు చేర్చాడు. ఆ క్షణం కోసమే ఇన్నాళ్లూ తిరిగాను. సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు. నా కాలు మాత్రం, లేని క్లచ్‌ను వెతుకుతున్నట్టు, కింద మ్యాట్ మీద కదులుతోంది.

తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. తయారీలోనే లోపముందని, కారు వెనక్కి తీసుకుని డబ్బు వడ్డీతో ఇవ్వాలని, మానసిక వేదనకు పరిహారం కూడా చెల్లించాలని రాశారు. అమ్మకు మా భాషలో చదివి చెప్పాను. మానసిక వేదన దగ్గర ఆగిపోయాను. అదేమిటని అమ్మ అడిగింది. మనసుకైన నొప్పి అని చెప్పాను. అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. అమ్మమ్మ పోయాక ఆమె ఏడవడం చూడటం అదే మొదటిసారి. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. అంతకుమించి నా వల్ల కాలేదు.

కంపెనీ అప్పీలుకు పోలేదు. ట్రక్కు వచ్చి కారును ఎక్కించుకుని వెళ్లింది.

మొన్న డోంగ్లి వైపు నుంచి ఒక రైతు నా కేసు సంగతి విని నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకు వచ్చాడు. కొత్త ట్రాక్టర్ ఊరికే మొరాయిస్తోందట. రిపేరుకు పోయిన ప్రతిసారీ కాగితం అడిగి తీసుకోమని, నోటిమాటతో వెనక్కి రావద్దని, రెండేళ్లు దాటకముందే కేసు వేయమని చెప్పాను. అంతా విని, "మీకు న్యాయమైందా అక్కా?" అన్నాడు.

"పైసలు వచ్చినయ్ అన్నా" అన్నాను. అతను లేచి, చెప్పింది మరిచిపోకుండా ఉండాలన్నట్టు పెదాలతో వల్లెవేసుకుంటూ బస్టాండ్ వైపు వెళ్లాడు.