అద్దంకి అత్తకు నేను చేసిన ప్రెజెంటేషన్

ఎదుటివాళ్ళకు అర్థం కాకుండా మాట్లాడగలగడమే ఉద్యోగమని నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో అది నేను ఎంతో కష్టపడి సంపాదించుకున్న విద్య. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మా ఊళ్ళో బడికి ఒక పక్క మిరప కల్లాలు, ఇంకో పక్క కారం మర. రెండు రోజులు బడికి వెళితే నాలుగు రోజులు మంచం మీద ఉండేదాన్ని. అందుకని మా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి, బైబిలు, లెక్కల పుస్తకం, నాన్న తెచ్చే పాత పేపర్లు ముందు పెట్టి చదువు చెప్పింది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా పరీక్షలన్నీ అలాగే రాసి గట్టెక్కాను. (ఈ రోజుకీ ప్రార్థనలో కృతజ్ఞతలు చెప్పేటప్పుడు ముందు వచ్చేది అమ్మ ఓపికే.) అలాంటి నన్ను దేవుడు తీసుకెళ్ళి, గుంటూరు బ్రాడీపేటలో, మిరపకాయలు కొని విదేశాలకు పంపే ఒక ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఇంత లోకంలో ఉబ్బసం పిల్లకు దొరికిన ఉద్యోగం అది. ఆయన హాస్యం ఆయనది.

మొదటి రోజు మేనేజరుగారు ఏదో పని చెబితే, "అలాగేనండీ, అటుపిమ్మట ఏమి చేయవలెను?" అని అడిగాను. బైబిలు చదివి నాకు వచ్చిన మర్యాద తెలుగు అదే మరి. ఆఫీసంతా ఘొల్లుమంది. వారం రోజులపాటు నేను కనిపిస్తే చాలు, "అటుపిమ్మట టీ తాగెదమా అండీ?" అని ఆటపట్టించేవాళ్ళు. అవమానం తట్టుకోలేక ఒక నోటుపుస్తకం కొన్నాను. మేనేజరుగారి నోటి నుంచి రాలిన ప్రతి మాటా అందులో ఎక్కించాను. ఆయనకు మేం పెట్టుకున్న పేరు 'అలైన్ సారు'. మనమంతా అలైన్ అవ్వాలి, ఈయన్ని లూప్‌లో పెట్టండి, మీకు బ్యాండ్‌విడ్త్ ఉందా, దీన్ని నెక్స్ట్ లెవెల్‌కి తీసుకెళ్దాం, బేసికల్లీ, ఆక్చువల్లీ. 'ఎట్ ద ఎండ్ ఆఫ్ ద డే' అని పొద్దున తొమ్మిదిన్నరకే మొదలుపెట్టేవారు. (ఆయనది కనిగిరి వైపు. వాళ్ళమ్మగారు ఫోన్ చేస్తే మాత్రం, "మోకాలు నొప్పి ఎట్టుందిమా? కాపడం పెట్టుకున్నావా?" అని హాయిగా మాట్లాడేవారు. ఫోన్ పెట్టేయగానే మళ్ళీ అలైన్.) బైబిలు వాక్యాలు కంఠస్థం చేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి, మూడు నెలల్లో సారును మించిపోయాను. ఆయన మురిసిపోయి, "మీరే ఫీల్డ్‌కి వెళ్ళి రైతుల్ని ఆన్‌బోర్డ్ చేయండి" అన్నారు.

అలా వెళ్ళాను అద్దంకి దగ్గరి పల్లెకు. అక్కడే ఉండేది మా అద్దంకి అత్త. చుట్టరికం లేదు, చర్చి సంఘం బంధుత్వం. గుంటూరులో సభలు జరిగినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేది. మామయ్య మంచాన పడ్డాక తనే రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసింది. ఆ ఏడు తొలిసారి, మా కంపెనీకే పంట ఇస్తానని ఒప్పుకుంది, అదీ నన్ను చూసే. ప్రార్థన మందిరం వరండాలో పదిహేనుమంది రైతులు కూర్చున్నారు. నేను కొత్త చున్నీ సర్దుకుని ముప్పావుగంట మాట్లాడాను. "బేసికల్లీ, మాయిశ్చర్ విషయంలో మనం జీరో టాలరెన్స్‌కి అలైన్ అవ్వాలి. కల్లం లెవెల్‌లో ట్రెడిషనల్ ఇంటర్వెన్షన్స్ ఏమున్నా అవాయిడ్ చేసి, ప్రోటోకాల్‌ని ఎండ్ టు ఎండ్ ఓన్ చేసుకోవాలి." అందరూ ప్రసంగం విన్నట్టు చేతులు కట్టుకుని విన్నారు. "ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా అండీ?" అంటే, "లేవమ్మా, అట్టాగేనమ్మా" అన్నారు. ఒక పెద్దాయన, "ఎక్కడా తడుముకోలా, ఏం మాట్టాడిందిరా పిల్ల!" అన్నాడు. అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ సాయంత్రం మోకరించి దేవుణ్ణి స్తుతించాను. (దేనికి స్తుతించానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. కల్లంలో బాగా ఎండిన మిరపకాయ పెళుసుగా ఉంటుంది. అలాగే టిక్కీలో, అంటే గోనెబస్తాలో, వేసి తొక్కితే పగిలి గింజ రాలిపోతుంది. అందుకని ముందురోజు సాయంత్రం రాసి మీద నీళ్ళు చిలకరించి, టార్పాలిన్ బరకాలు కప్పి, తెల్లవారి కాయ మెత్తబడ్డాక తొక్కుతారు. తాతల నాటి నుంచీ అంతే. మా కంపెనీ వద్దనేది కూడా సరిగ్గా అదే. తడి తగిలిన కాయ ఓడలో నెల రోజులు మగ్గితే బూజు పడుతుంది. మా గోడౌను గేటు దగ్గర తేమ కొలిచే మీటరులో కాస్త ఎక్కువ చూపించినా మొత్తం సరుకు వెనక్కే. నా ఉపన్యాసంలోని 'ట్రెడిషనల్ ఇంటర్వెన్షన్స్' అంటే ఆ నీళ్ళే.

ఊరందరికన్నా ముందు అత్త కోతలయ్యాయి, కాయ ఎండింది, లారీ రేపు పొద్దున అనగా, మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది. గొంతులో పెళ్ళి సందడి.

"అమ్మాయ్, అంతా తయారు. ఇయ్యాల పొద్దుగూకేలోపు నీళ్ళు జల్లి, రేపు తెల్లారగట్ట తొక్కిచ్చేస్తా. ఎక్కడో దొరలు తినే కాయ గదా, బోరు నీళ్ళు జల్లటం ఏం మర్యాదని క్యాన్ నీళ్ళు తెప్పిచ్చా. పది క్యాన్లు!"

నోరు తెరిచాను. అప్పుడైనా తిన్నగా మాట రావాలా? "అత్తా, చిన్న కన్సర్న్ ఉంది. ఆ ప్రాసెస్‌ని కాసేపు హోల్డ్‌లో పెట్టండి. ప్రోటోకాల్ ప్రకారం అది ఇష్యూ అవుతుంది" అన్నాను.

"అట్టాగేనమ్మా" అని పెట్టేసింది.

హమ్మయ్య అనుకుని రెండు ముద్దలు తిన్నాను. మూడో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇది ఆ రోజు వరండాలో అన్న అట్టాగే! చదువుకున్న పిల్ల చెబుతుంటే అర్థం కాలేదనడం ఆ పిల్లను చిన్నబుచ్చడమని మా పల్లెల్లో అనుకుంటారు. అర్థమైతే ఎదురు ప్రశ్న వేస్తారు, కాకపోతే అట్టాగే అంటారు. మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. కల్లానికి వెళ్ళేటప్పుడు అత్త ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళుతుంది. ఆరుసార్లు చేశాను.

సారు గదిలోకి పరుగెత్తాను. "సార్, అద్దంకిలో కాయల మీద నీళ్ళు చల్లేస్తున్నారు!"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఓకే. ప్యానిక్ వద్దు. ముందు బిగ్ పిక్చర్ చూద్దాం. రూట్ కాజ్ ఏంటి?" అన్నారు.

"నేనే సార్" అని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆటోలో బస్టాండుకు, అక్కణ్ణుంచి అద్దంకి బస్సు. కిటికీ పక్కన కూర్చుని పొద్దు ఎక్కడిదాకా వాలిందో చూడటమే పని. చిలకలూరిపేటలో డ్రైవరుగారు టీకి దిగి, పక్క బస్సు డ్రైవరుతో నవ్వుతూ నిలబడ్డారు. "బాబాయ్ గారూ, కాస్త తొందరగా..." అంటే, "ఎందుకమ్మా అంత కంగారు, రోడ్డేం పారిపోదు" అన్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుందామంటే లోపలి నుంచి వచ్చిన మాట ఇది: 'ప్రభువా, ఈ ఇష్యూని కాస్త టాప్ ప్రయారిటీలో పెట్టు.' ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. అమ్మ నేర్పిన ప్రార్థన దగ్గరికి కూడా ఆ నోటుపుస్తకం వచ్చేసింది. ఆ క్షణంలో కలిగిన భయం మీటరును చూసి కూడా ఎన్నడూ కలగలేదు. ఆ తర్వాత దారి పొడుగునా 'తండ్రీ, తండ్రీ' అని తప్ప ఇంకో మాట అనుకోలేదు.

షేర్ ఆటో దిగేసరికి ఎండ పల్చబడింది. పొలం గట్ల మీద పరుగు. దూరంగా కల్లం ఎర్రగా కనిపిస్తోంది. పెద్దవి రెండు రాసులు. ఒక రాసి మీద అప్పటికే బరకాలు కప్పేశారు. రెండోదాని పక్కన అత్త, చంకలో క్యాను, చేతిలో వేపమండ, చర్చిలో ప్రార్థనకు లేచినంత భక్తిగా నిలబడి ఉంది. అరుద్దామంటే మిరప ఘాటుకు ఊపిరి ఆడటం లేదు. ఆ ఊపిరికి పెద్ద మాటలు పట్టవు.

"అత్తా! నీళ్ళొద్దు!"

వేపమండ గాలిలో ఆగింది. "ఏందమ్మా?"

"నీళ్ళు... చల్లొద్దు. తడి ఉంటే... తీసుకోరు."

అత్త ఒకసారి కప్పిన రాసి వైపు, ఒకసారి నా వైపు చూసింది. క్యాను నెమ్మదిగా కింద పెట్టింది. "మరి ఆ మాట చెప్పలేదేమ్మా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

బరకాలు లాగేశాం. కంగారులో నా ఫోన్ ఆఫీసు బల్ల మీదే వదిలేసి వచ్చాను కాబట్టి, అత్త ఫోన్ తెప్పించి సారుకు చేశాను. "సార్, సగం సరుకు తడిసింది. మళ్ళీ ఆరబోయాలి. మూడు రోజులు పడుతుంది. తప్పు నాది. లారీని ఆపండి." ఆయన, "చెప్పినా వినలేదా ఆమె?" అన్నారు. "నేను చెప్పలేదు సార్" అన్నాను. "సరే. బాగా ఆరనియ్యండి. శుక్రవారం పంపిస్తా" అన్నారు. అంతే, అందులో ఒక్క అలైనూ లేదు.

ఆ మూడు రోజులూ ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని కల్లంలోనే ఉన్నాను. మబ్బు పట్టినప్పుడల్లా ఇద్దరం ఆకాశం వైపు చూసేవాళ్ళం. అత్త ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు. అన్నం కలిపి పెట్టేది, నేను తుమ్మినప్పుడల్లా "చల్లగా ఉండు తల్లీ" అనేది. దాంతో నా మెడ ఇంకా వంగిపోయేది.

శుక్రవారం గుంటూరులో, గేటు దగ్గర, ఆ మీటరు మనిషి ఒక్కో టిక్కీలో నుంచి గుప్పెడు కాయ తీస్తుంటే, అత్త నా చెయ్యి పట్టుకుంది. ముందు తడవని టిక్కీలు అయ్యాయి. తర్వాత, తడిసి ఆరినవాటి వంతు వచ్చింది. ఆయన ఒకసారి చూశాడు, మీటరు తట్టి మళ్ళీ చూశాడు, "లోపలికి పోనియ్" అన్నాడు. దేవునికి స్తోత్రం అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

తర్వాత గేటు బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతుండగా అత్త అడిగింది. "ఏమనుకోకమ్మా. ఆ రోజు వరండాలో అంతసేపు చెప్పావు గదా. ఇంతకీ ఏం చెప్పావు?"

"కాయల మీద నీళ్ళు చల్లొద్దని, అత్తా."

"అంతేనా?"

"అంతే."

ఒక గుక్క టీ తాగి, "మరి మిగతాదంతా?" అంది.

"మిగతాదంతా నేనే, అత్తా."

అత్త నవ్వింది. టీ గొంతుకు అడ్డం పడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నాకు కళ్ళ నీళ్ళు ముందే ఉన్నాయి.

ఇప్పుడు ఆ కొత్త చున్నీ పిల్ల గుర్తొస్తే కోపం రాదు. ముప్పావుగంట మాట్లాడిందే గానీ, పాపం, ఆమె మనసులో ఉన్నదీ ఒక్క ముక్కే: నేనూ చదువుకున్నదాన్నే, నన్నూ చూడండి. అది మాత్రం ఆ వరండాలో పదిహేనుమందికీ బాగా అర్థమై ఉంటుంది. అందుకే ఎవరూ ఏమీ అడగలేదు.